మెనూ కార్డు తర్వాత చూద్దురు గాని

అరకు వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా సరే, ముందు ఫోన్ తీసి ఫోటోలు చూపిస్తారు. పచ్చగా విరగబూసిన వలిసె చేలు, గాలికొండ దగ్గర మంచు, బొర్రా గుహల్లో రంగు దీపాలు, బొంగులోంచి పొగలు కక్కుతూ ఆకులోకి జారుతున్న చికెన్. అన్నీ ఓపిగ్గా చూసి, "బాగుందర్రా, మరి అవసరానికి ఎక్కడికెళ్లారు?" అని అడుగుతాను. మగపిల్లలు నవ్వేస్తారు. ఆడపిల్లలు మాత్రం మొహాలు చిట్లించి, "ఆ సంగతి అడక్కండి తాతయ్యా" అంటారు. ఆ ఫోటో మాత్రం ఎవ్వరూ తియ్యరు.

నేను అడగడానికి కారణం ఉంది. మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా చేరి, ఆ కుర్చీలోనే జుట్టు నెరిసి రిటైరయినవాణ్ని. హోటలుకి వెళ్తే జనం గల్లాపెట్టె వెనకున్న దేవుడి పటం చూస్తారు, నా కళ్లు దొడ్డివైపు తిరుగుతాయి. "కొండలు చూడ్డానికొచ్చారా, మరుగుదొడ్లు చూడ్డానికొచ్చారా?" అని మా ఆవిడ దెప్పుతూనే ఉంటుంది. రెండూ చూస్తాను. కొండలకేమీ రోగం లేదు, చల్లగా ఉన్నాయి. రోగమంతా రెండోదానికే.

మొన్న శీతాకాలంలో మనవలు పట్టుబడితే మళ్లీ వెళ్లాం. విశాఖపట్నం నుంచి నూట పదిహేను కిలోమీటర్ల దారి. శృంగవరపుకోట దాటాక ఘాట్ రోడ్డు, మలుపుమలుపుకీ కడుపులో తిప్పడం, టీ కోసం ఆగడం, ఫోటో కోసం ఆగడం. పైకి చేరేసరికి కార్లో ఉన్న ప్రతివాడికీ కావలసింది ఒక్కటే, అది భోజనం కాదు. ఒక రిసార్టులోకి దూరాం. పేరెందుకు లెండి, ఆ పేరు తీసేసి పక్కవాడిది పెట్టినా ఈ వ్యాసంలో మార్చాల్సిందేమీ ఉండదు. రాత్రికి గది ఆరేడు వేలట. భోజనాల హాలు పెళ్లి మండపంలా ఉంది. వెదురుతో చేసిన దీపాలు, గోడ మీద ధింసా ఆడుతున్న ఆడవాళ్ల బొమ్మలు, ఫోటో దిగడానికి పూలతో అల్లిన ఉయ్యాల.

వెనక్కి వెళ్లాను. ఒక తలుపు మీద మీసం బొమ్మ, ఇంకో తలుపు మీద ముక్కుపుడక. మొగా ఆడా అని రాస్తే నామోషీ కాబోలు. లోపల నేలంతా అద్దంలా మెరిసే టైల్సు, ఆ టైల్సు మీద వేలెడు లోతు నీళ్లు. అవి ఏ నీళ్లో తెలీదు. ప్యాంటు మడుచుకుని మునివేళ్ల మీద నడవాలి. కమోడు సీటు మీద రెండు బూటు ముద్రలు. పక్కనున్న జెట్ గొట్టం నొక్కితే రెండు బొట్లు రాల్చి ఆగిపోయింది. ఫ్లష్ మీట నొక్కితే చప్పుడొచ్చింది గాని నీళ్లు రాలేదు. తలుపుకి గడియ ఊడిపోయిన చోట కాగితం మడిచి కుక్కారు. సబ్బు డబ్బాలో గులాబీ రంగు నీళ్లు, నురగ మచ్చుకైనా లేదు. చేతులారబెట్టే యంత్రం మీద "పని చెయ్యదు" అన్న చీటీ అంటించారు, ఆ చీటీ కూడా పాతబడి సగం ఊడింది. వీటన్నిటి మీదా నిమ్మకాయ వాసన చల్లే డబ్బా ఒకటి గోడకి ఉండి, కాసేపటికోసారి "బుస్" మంటోంది. అది ఒక్కటే తన డ్యూటీ తాను చేస్తోంది.

తలుపు వెనకాల ఒక కాగితం ఉంది. గంట గంటకీ శుభ్రం చేసినట్టు సంతకాలు పెట్టే పట్టీ. నేను వెళ్లింది మధ్యాహ్నం రెండున్నరకి. అప్పటికే రాత్రి ఏడింటిదాకా సంతకాలు పడిపోయి ఉన్నాయి. అన్నీ ఒకటే పెన్ను, ఒకటే చెయ్యి. మా రోజుల్లో రిజిస్టర్లలో దొంగ సంతకాలు లేవని నేనను. ఉండేవి. కాని అవి గడిచిపోయిన రోజుకి పెట్టేవాళ్లం. రాబోయే గంటకి ముందే పెట్టేంత ధైర్యం మాకు ఉండేది కాదు.

మేనేజరు కుర్రాడు కోటు వేసుకుని ఎదురొచ్చాడు. "బాబూ, నీళ్లు లేవు, నేలంతా తడి, ముసలివాళ్లు జారిపడితే ఎలా?" అన్నాను. "వీకెండ్ రష్ సర్" అన్నాడు. "సోమవారం వస్తే నీళ్లుంటాయా?" అన్నాను. బల్ల మీద చతురస్రంగా నలుపు తెలుపు గళ్లున్న అట్టముక్క చూపించి, "దాన్ని స్కాన్ చేసి మీ ఫీడ్‌బ్యాక్ ఇవ్వండి సర్, మా టీమ్ చూసుకుంటుంది" అన్నాడు. ఎదురుగా మనిషిని నేను నిలబడి చెప్తుంటే, నా మాట ఫోన్లోంచి తిరిగి అతనికి చేరాలట.

మా రోజుల్లో ఇంత భాగోతం లేదు. కిరండూల్ పాసింజరులో కిటికీ దగ్గర కూర్చుని, యాభై ఎనిమిది సొరంగాలూ పిల్లలు కేకలు పెడుతూ లెక్కపెడితే, పొగా మసీ మొహాన కొట్టుకుంటూ అరకులో దిగేవాళ్లం. అదే లైనులో 2017లో అద్దాల పెట్టె వచ్చింది, మంచిదే. అప్పట్లో ఉండడానికి దొరికితే ప్రభుత్వ బంగళా, దొరక్కపోతే తెలిసినవాళ్ల క్వార్టర్సు. బంగళా వెనకాల పెంకుల కప్పుతో ఒక పాయిఖానా. లోపల నేలమట్టపు పింగాణీ, రెండు పాదాల గుర్తులు, ఒక ఇనప బకెట్టు, ఒక సత్తు డబ్బా. గోడలకి సున్నం, అదీ ఏటా వేసేవాళ్లు. వాచ్‌మన్ తెల్లారకముందే బావి నుంచి తోడి బకెట్టు నింపి పెట్టేవాడు. ఫినాయిలు బొట్టు పడగానే నీళ్లు పాలలా తెల్లబడేవి, ఆ వాసన వచ్చిందంటే ఎవరో కడిగి వెళ్లారని లెక్క. అద్దం లేదు, నిమ్మకాయ వాసన లేదు, ఉయ్యాల లేదు. నేల మాత్రం పొడిగా ఉండేది.

ఎందుకు పొడిగా ఉండేదో చెప్తాను. ఈ ముక్క ఇప్పటి ఇంజినీరు బాబులు వినాలి. గచ్చు చేసే మేస్త్రీకి వాలు తెలుసు. నాపరాళ్లు పరిచినా, సిమెంటు గచ్చు చేసినా, పని అయ్యాక గుమ్మంలో నిలబడి చెంబెడు నీళ్లు ఒలకబోసేవాడు. ఆ నీళ్లు ఎటూ చూడకుండా తిన్నగా మూలనున్న తూముకి పోవాలి. మధ్యలో అరచేతి మేర నిలబడినా మా సూపర్‌వైజరు బిల్లు మీద సంతకం పెట్టేవాడు కాదు. మేస్త్రీ తిట్టుకుంటూ మళ్లీ గీకి మళ్లీ వేసేవాడు. ఇప్పుడు రెండడుగుల టైల్సు తెచ్చి, నేలంతా మట్టం చూసి పరుస్తున్నారు. అంత పెద్ద పలకకి జాలీ వైపు వాలు పెట్టాలంటే కోసి అతకాలి, కోస్తే అందం పోతుందట. అందుకని నేలంతా ఒకే మట్టంలో ఉంటుంది, జాలీ చుట్టూ మాత్రం పొడిగా ఉంటుంది. నీళ్లన్నీ మనం నిలబడే చోటే. ఆడుతూ పాడుతూ వచ్చిన బామ్మగారు అక్కడే జారి తుంటి విరగ్గొట్టుకుంటుంది.

ఇక వాసన సంగతి. జాలీ కింద ప్లంబర్లు నహానీ ట్రాప్ అనే వంపు ఒకటి ఉంటుంది. అందులో ఎప్పుడూ కాసిన్ని నీళ్లు నిలబడి ఉండాలి. ఆ నీళ్లే మూత. కింద సెప్టిక్ ట్యాంకులోంచి వచ్చే గాలిని అవే ఆపుతాయి. సీజను లేని నెలల్లో గదులు తాళం వేసి పోతే ఆ నీళ్లు ఆరిపోతాయి, కంపు నిరాటంకంగా పైకొస్తుంది. రోజుకో మగ్గు నీళ్లు పోస్తే చాలు. అది తెలీక వాసన డబ్బాలకి వేలు తగలేస్తారు. మగవాళ్ల వైపు కళ్లు మండించేది ఇంకో రకం. మూత్రంలో యూరియా ఉంటుంది, కడక్కుండా వదిలేస్తే సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టి అమ్మోనియా చేస్తాయి. నాలుగు కలరా ఉండలు విసిరితే అది పోదు. నీళ్లు పోసి రుద్దితే పోతుంది. రుద్దడానికి బద్ధకించి యాసిడ్ గుమ్మరిస్తారు. యాసిడ్‌కి పింగాణీ మీది నునుపు పోతుంది, నునుపు పోయిన చోట మరక దిగి కూర్చుంటుంది, దాన్ని పోగొట్టడానికి ఇంకా యాసిడ్. అది చాలనట్టు దాని మీదే బ్లీచింగ్ పౌడర్ కూడా చల్లేవాళ్లని చూశాను. ఆ రెండూ కలిస్తే పుట్టేది క్లోరిన్ గ్యాసు. చల్లే మనిషి ఊపిరితిత్తులకి ఎవరు పూచీ?

అన్నట్టు, మా రోజుల్లో అంతా స్వర్గం అని నేను కోతలు కొయ్యబోవడం లేదు. మా ఆవిడ ఇది చదువుతుంది, ఊరుకోదు. ఆ రోజుల్లో దారిలో టీ హోటళ్లలో మరుగుదొడ్డే ఉండేది కాదు. మగాడికి ఏ చెట్టయినా సరిపోయేది. ఆడవాళ్లు ప్రయాణమంటే ముందురోజు రాత్రి నుంచే నీళ్లు తాగడం మానేసేవాళ్లు. మా అమ్మ బొర్రా గుహలు చూసి వచ్చినంతసేపూ పళ్లు బిగబట్టుకుని నడిచింది, గుహలెలా ఉన్నాయని అడిగితే "చీకటిగా ఉన్నాయి" అంది, అంతే. రైళ్లలో సంగతి చెప్పక్కర్లేదు, అంతా పట్టాల మీదకే. బండి స్టేషన్లో ఆగినప్పుడు వాడరాదని బోర్డు ఉండేది, ఆగినప్పుడే వాడేవాళ్లం. ఇప్పుడు పెట్టెలకి బయో టాయ్‌లెట్లు బిగించారు, పట్టాలు శుభ్రపడ్డాయి. ఆ మేరకు ఈ కాలానికి దండం పెడతాను.

ఇంకా పెద్ద మాట ఒకటుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో పట్నాల్లో కూడా ఎత్తుడు దొడ్లు ఉండేవి. తెల్లవారుజామున ఆ దొడ్లు ఎత్తే మనుషులు వచ్చి తట్టల్లో ఎత్తుకుని నెత్తిన పెట్టుకుని పోయేవాళ్లు. ఆ తట్టకి కన్నం పడితే ఏమయ్యేదో రాయడానికి నా చెయ్యి రాదు. మా అందరి శుభ్రం కొన్ని కులాల నెత్తిన ఉండేది. ఆ పని చేయించకూడదని 1993లో చట్టం వచ్చింది, అది చాలక 2013లో ఇంకోటి వచ్చింది. కోలార్ బంగారు గనుల్లో ఆ పని చేసిన కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ జీవితమంతా దాని మీదే పోరాడితే, 2016లో ఆయనకి రామన్ మెగసెసే అవార్డు ఇచ్చారు. కాబట్టి ఏ ముసలాడైనా మా కాలంలో ఎంత శుభ్రమో అని మొదలెడితే, ఆ శుభ్రం ఎవరు చేశారో కూడా చెప్పమనండి.

అయితే ఇప్పుడేం మారింది? తట్ట పోయింది, చేసేవాళ్లు మారలేదు. ఆ రిసార్టులో ఆడవాళ్ల వైపు గుమ్మం దగ్గర ఒకావిడ స్టూలు మీద కూర్చుని ఉంది. చేతిలో చీపురు, కాళ్లకి చెప్పుల్లేవు, చేతికి తొడుగు లేదు. శృంగవరపుకోట వైపు మనిషిలా ఉంది మాట తీరు చూస్తే. "ఏమ్మా, నీళ్లు లేవేం?" అన్నాను. "పొద్దున్నోపాలి, సందేల ఓపాలి మోటారేత్తారు బాబూ. మద్దెన్నొచ్చినోల్లకి నేనేటి పొయ్యాల? ఇద్దరు సెయ్యాల్సిన పని, రెండోదాన్ని తీసేసినారు. కడిగొచ్చేసరికి పదిమంది లైనులో ఉంతారు, ఇంకెప్పుడు ఆరద్ది?" అంది. కొంగుతో చెయ్యి తుడుచుకుని, "సంతకం మేనేజరుబాబే ఎడతారు, నాకు రాదు" అని నవ్వింది. జీతం రిసార్టు ఇవ్వదట, కాంట్రాక్టరు ఇస్తాడు. నెల దాటాక ఇస్తాడు, మానేసిన రోజుకి కోస్తాడు. వచ్చేపోయేవాళ్లు పదో పరకో చేతిలో పెడితే అదే ఖర్చులకి. కోటి రూపాయల హాలు కట్టించిన మహానుభావుడికి ఇంకొక మనిషి జీతం బరువైపోయింది!

పాత హోటళ్ల ఓనర్లు ధర్మాత్ములేం కాదు. సాంబారులో నీళ్లు పోసేవాళ్లు, కాఫీలో చికోరీ దంచేవాళ్లు. కాని ఓనరు గల్లా దగ్గరే పొద్దున్నించి రాత్రిదాకా కూర్చునేవాడు. అవసరమైతే అతను కూడా ఆ వెనక దొడ్లోకే వెళ్లాలి. బాగోకపోతే అక్కణ్నించే, "ఒరేయ్ అప్పన్నా, బకెట్టేదిరా?" అని కేక వేసేవాడు. ఆ కేకే అప్పటి చెక్‌లిస్టు. ఇప్పటి ఓనరు వైజాగులోనో హైదరాబాదులోనో ఉంటాడు. ఎప్పుడైనా వస్తే అతనికి ప్రత్యేకంగా తాళం వేసి ఉంచిన కాటేజీ ఉంటుంది. ఈ హాలు వెనకాల ఏముందో అతను చూసి ఎన్నాళ్లయిందో. డబ్బంతా కెమెరాలో పడే చోట ఖర్చు పెట్టాడు. ఉయ్యాల కెమెరాలో పడుతుంది. నహానీ ట్రాపు పడదు.

మనిషి కూర్చోవడమే అసలు మందు అని నలభై ఏళ్ల ఉద్యోగం తర్వాత చెప్పడానికి నేనే అక్కర్లేదు. బిందేశ్వర్ పాఠక్ 1970లో సులభ్ సంస్థ పెట్టి, 1974లో పాట్నాలో డబ్బులిచ్చి వాడుకునే మరుగుదొడ్డి తెరిచినప్పుడు జనం నవ్వారట, దీనికి కూడా డబ్బులిస్తారా అని. ఇచ్చారు. ఎందుకంటే అక్కడ బల్ల వేసుకుని ఒక మనిషి కూర్చున్నాడు, ఆ మనిషికి నీళ్లున్నాయి, చీపురుంది, జీతముంది. ఇవాళ్టికీ కొన్ని బస్టాండుల్లో అయిదు రూపాయలు తీసుకునే దొడ్డి, వేలు తీసుకునే రిసార్టు దొడ్డి కంటే నయంగా ఉంటుంది. అక్కడ వాడు అమ్మేది అదొక్కటే, బాగోకపోతే గిరాకీ పోతుంది. ఇక్కడ గిరాకీ బిర్యానీకి.

2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలైనప్పుడు నేను నిజంగా సంతోషించాను. ఊళ్లల్లో దొడ్లు లేచాయి, కాదనను. గాంధీగారి కళ్లజోడు బొమ్మ ఆ రిసార్టు గోడ మీద కూడా ఉంది, పాపం సరిగ్గా ఆ నీళ్ల మడుగుకి ఎదురుగా. గోడ కట్టడానికి పథకం ఉంటుంది గాని, రేపూ ఎల్లుండీ కడగడానికి పథకం ఉండదు. కడగడం రోజూ చెయ్యాల్సిన పని, దానికి రిబ్బను కటింగు ఎవరు చేస్తారు?

కొండ మీద ఇంకో చిక్కు. సెప్టిక్ ట్యాంకు పాతికమందికి కడతారు. కార్తీక మాసం వనభోజనాలకి, సంక్రాంతి సెలవలకి వందలమంది దిగుతారు. ట్యాంకులో మురుగు కొన్నాళ్లు నిలబడితేనే అడుగున కుళ్లి తేరుకుంటుంది. ఇంతమంది ఒక్కసారి పడితే వచ్చింది వచ్చినట్టే అవతలికి పోతుంది. అవతల ఏముంటుంది? కొండవాలులో గెడ్డ. ఆ గెడ్డ కింద ఊళ్లుంటాయి. మనం చూసి మురిసిపోయే ఆ ధింసా ఆడే ఆడవాళ్లు ఉండేవి అలాంటి ఊళ్లే. ఎక్కడైనా రిసార్టులో దిగితే, మురుగు ఎటు పోతుందని ఒక్కసారి అడిగి చూడండి. జవాబు చెప్పగలిగిన మేనేజరు నాకింకా తగల్లేదు.

మన తప్పు లేదా అంటే, ఉంది, బోలెడంత. కమోడు మీద బూట్లతో గొంతుక్కూర్చున్న మహానుభావుడు మేనేజరు కాదు, మన కార్లో వచ్చినవాడే. నాలాంటి మోకాళ్ల నొప్పులవాడికి కమోడు దేవుడిచ్చిన వరం, దాని మీద ఎక్కి తొక్కితే నేనెక్కడ కూర్చోను? పిల్లాడి డైపరు తీసి కమోడులో పడేసేవాళ్లు, వాష్ బేసిన్లో కిళ్లీ ఉమ్మేవాళ్లు, మందు సీసా మూలన నిలబెట్టి పోయేవాళ్లు. ఇంట్లో ఇలా చేస్తారా? డబ్బులిచ్చాం కదా అనుకుంటారు. ఇచ్చింది తిండికి, తొక్కడానికి కాదు.

ఇంతకీ ముసలాడు ఇంత గింజుకోవడం ఎందుకు, నాలుగు నిమిషాలు ముక్కు మూసుకుంటే పోదా అంటాడు మా అబ్బాయి. అక్కడే వస్తుంది నా ఉద్యోగబుద్ధి. ఆ హోటల్లో వంటవాడు ఎక్కడికి వెళ్తాడు? సర్వరు ఎక్కడికి వెళ్తాడు? చాలా చోట్ల అదే దొడ్డికి. అక్కడ సబ్బు లేదు, నీళ్లు లేవు. అదే చేత్తో మీ ప్లేటులో ఉల్లిపాయ ముక్కలు పేరుస్తాడు. టైఫాయిడు, కామెర్లు, విరేచనాలు ఆ దారినే వస్తాయి. ఘాట్ రోడ్డు పడలేదు అనుకుని ఇంటికొచ్చి మందులు మింగేవాళ్లలో ఎంతమందికి పడనిది ఆ ఉల్లిపాయో? ఇదేదో నా చాదస్తం కాదు. 2011 నాటి ఆహార భద్రత నిబంధనల్లో నాలుగో షెడ్యూలు అంతా ఈ శుభ్రం గురించే. పనివాళ్లకి మరుగుదొడ్డి ఉండాలి, చేతులు కడుక్కోవడానికి నీళ్లూ సబ్బూ ఉండాలి. ప్రతి హోటలూ పధ్నాలుగంకెల లైసెన్సు నంబరు కనబడేలా గోడకి పెట్టాలి. కౌంటరు వెనకాల చూడండి, ఉంటుంది. ఆ నంబరు తెచ్చుకున్నాడంటే ఈ షరతులకి ఒప్పుకున్నట్టే.

అందుకని చెప్పొచ్చేదేమంటే, ఈసారి కొండకి వెళ్లినా, సముద్రం ఒడ్డుకి వెళ్లినా, కుర్చీ లాక్కుని కూర్చునే ముందు ఇంట్లో ఒకరు వెనక్కి వెళ్లి చూసి రండి. కుళాయి తిప్పండి, సబ్బు నొక్కండి, నేల చూడండి. బాగుంటే ఆ కడిగిన మనిషి చేతిలో ఓ యాభై పెట్టి, మేనేజరు వినేలా బాగుందని చెప్పండి. బాగోకపోతే ఆ గళ్ల అట్టముక్క జోలికి పోకండి. "మీ దొడ్డి బాగోలేదు, అందుకని తినకుండా పోతున్నాం" అని నోటితో చెప్పి, పిల్లల్ని తీసుకుని లేచి రండి. ఆదివారం మధ్యాహ్నం వరసగా పది కార్లు అలా వెనక్కి తిరిగితే, అప్పటికప్పుడే మోటారు వేస్తారు, సోమవారానికి రెండో మనిషిని పెడతారు.